వీక్లీ ఆఫ్ కోసం పోలీసు కుటుంబాల నాలుగో వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా ఎస్పీ గారికి,
పోలీస్ లైన్‌లో కాపురముంటున్న కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్ల భార్యలు, తల్లులు నమస్కరించి రాసుకుంటున్న వినతి.

విషయం: వారానికి ఒక రోజు సెలవు, మరికొన్ని ఇబ్బందుల గురించి.

అయ్యా,

ఇది మేమిస్తున్న నాలుగో కాగితం. మొదటిది నిరుడు సంక్రాంతికి ముందు ఇచ్చాం. దాని మీద ఇన్‌వార్డు ముద్ర ఉంది. రెండోది ఉగాది వెళ్లాక ఇస్తే పరిశీలనలో ఉందన్నారు. వినాయక నిమజ్జనం బందోబస్తు అయ్యాక ఇచ్చిన మూడోది సెక్షన్‌లో కనబడటం లేదట. మూడింటి జిరాక్సులూ దీనికి జతచేశాం. ఈసారి రసీదు ఇప్పించమని ముందుగానే వేడుకుంటున్నాం.

యూనిఫాం వేసుకున్నవాళ్లు నోరెత్తితే ఏమవుతుందో తమకు తెలుసు. అందుకే ఈ సంతకాలన్నీ ఆడవాళ్లవి. 2024 అక్టోబరులో తెలంగాణలో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. మేము రోడ్డెక్కలేదు, మళ్లీ కాగితమే పట్టుకొచ్చాం.

కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన మరుసటి ఏడాది, 1859లో, మద్రాసు జిల్లా పోలీసు చట్టం చేశారు. మన ఆంధ్ర ప్రాంతానికి అదే ఆధారం. పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని అందులో ఉంది. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్‌లోనూ ఇదే మాట. ఆ 1861 చట్టంలోనే 29వ సెక్షన్ ప్రకారం, సెలవు ముగిశాక తగిన కారణం లేకుండా హాజరు కాకపోతే మూడు నెలల జీతం దాకా జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు. రాకపోతే ఎన్నాళ్లు జైల్లో పెట్టాలో రాసిపెట్టుకున్న తెల్లదొరలు, వారానికి ఒక్క రోజు ఇంటికి పంపాలని మాత్రం రాయలేదు. వాళ్లు రాయలేదు సరే. వాళ్లు వెళ్లిపోయి ఇన్నేళ్లయింది, మనమెందుకు రాసుకోలేదని అడుగుతున్నాం.

రాసుకోలేదని కూడా అనలేం. 2006 నమూనా పోలీసు చట్టంలో వారానికి ఒక రోజు సెలవు ఉంది. 2014లో కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ దేశమంతా తిరిగి లెక్క తీసింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలు దాటి పనిచేస్తున్నారని తేలింది. 73.6 శాతం మందికి నెలకు ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదనీ తేలింది. 2019 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వమే వీక్లీ ఆఫ్ ప్రకటించింది. ఆ వారం మా లైన్‌లో మిఠాయిలు పంచుకున్నాం. 2020 లాక్‌డౌన్‌తో మా వాళ్ల ఆఫ్‌లు ఆగాయి. లాక్‌డౌన్ పోయింది గానీ వారం వారం ఆఫ్ మళ్లీ మొదలవలేదు.

మా మాట నమ్మకపోతే, అందరి తరఫున ఈ కాగితం రాస్తున్న నా వంటింటి క్యాలెండర్ చూడండి. నిరుడు జనవరి నుంచి డిసెంబరు దాకా మా వారికి ఆఫ్ దొరికిన రోజు చుట్టూ నీలి సిరాతో సున్నా చుట్టాను. మధ్యలో వెనక్కి పిలిస్తే దాని మీద ఎర్ర గీత కొట్టాను. 52 వారాలకు 11 సున్నాలున్నాయి. వాటిలో 4 మీద ఎర్ర గీత. ఆ నాలుగింటిలో ఒకటి మా పాప పుట్టినరోజు. పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టబోతుంటే ఫోన్ మోగింది. వీఐపీ రూటు, అర్ధగంటలో పాయింట్‌లో ఉండాలన్నారు. కంచం మీద మూత పెట్టి వెళ్లారు. రాత్రి పదకొండున్నరకు ఆ అన్నమే తిన్నారు.

మా మామగారు పోయినప్పుడు 12 రోజులు అడిగితే 3 రోజులిచ్చారు. కొడుకు ఒక్కడే. పెద్దకర్మనాడు రాత్రి బస్సులో వచ్చి, ఊరి చెరువులో మునిగి, పిండం పెట్టి, సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లారు. గుండు చేయించుకున్న తలతో రోల్ కాల్‌లో నిలబడ్డారు. సంవత్సరానికి 15 క్యాజువల్ లీవులు (సీఎల్), 30 ఆర్జిత సెలవులు (ఈఎల్) అని రూల్స్‌లో ఉంటే మా ఇంటికి ఏం లాభం? పుస్తకంలో ఉన్న సెలవును దరఖాస్తు పెట్టి, బతిమాలి, చివరికి వద్దనిపించుకుని రావాల్సిందేనా? సిబ్బంది చాలరంటారు. ఆ మాట మొదటి కాగితానికి జవాబుగా విన్నాం, రెండోదానికీ విన్నాం. ఖాళీలు నింపడం మా చేతుల్లో లేదు గదా అయ్యా.

మిగతావి క్లుప్తంగా మనవి చేస్తున్నాం.

సరెండర్ లీవు బిల్లులు, టీఏ బకాయిలు ఇంకా రాలేదు.

బందోబస్తు పాయింట్ల దగ్గర మహిళా కానిస్టేబుళ్లకు మరుగుదొడ్డి ఉండటం లేదు. మాలో ఒకామె కోడలు డ్యూటీ ఉన్న రోజు మంచినీళ్లు తాగడమే మానేసింది.

మధ్యాహ్నం మూడింటికి పాయింట్లకు వచ్చే సాంబారన్నం పొట్లాలు పులిసిపోతున్నాయి. క్యాంటీన్‌లో అమ్మే విదేశీ ఖర్జూరం, చాక్లెట్ ప్యాకెట్ల మీద దిగుమతిదారు స్టిక్కర్‌ను సరిగ్గా గడువు తేదీ మీదే అంటిస్తున్నారు. ఆహార కల్తీ మీద మద్రాసు ప్రభుత్వం 1918లోనే చట్టం చేసింది, ఇప్పుడు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఉంది. ఒక్కసారి ఆహార భద్రతా అధికారి చేత తనిఖీ చేయించండి.

సి బ్లాక్ క్వార్టర్లు వానకు కురుస్తున్నాయి. దీని మీద వేరే అర్జీ ఉంది.

మేమడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి స్టేషన్‌లో వచ్చే నెల డ్యూటీ చార్టు వేసేటప్పుడే ఎవరికి ఏ వారం ఆఫ్ అన్నది అందులోనే రాసి గోడకు అంటించమనండి. ఆఫ్ రోజున పిలవాల్సి వస్తే, ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో జనరల్ డైరీలో ఎక్కించి, పది రోజుల్లోపు బదులు రోజు ఇప్పించండి. తల్లి గానీ తండ్రి గానీ పోయినప్పుడు పెద్దకర్మ దాకా సెలవు ఆపొద్దని ఒక మెమో ఇవ్వండి. వీటికి కొత్త పోస్టులు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు, తమ సంతకం చాలు.

ఈ నెలాఖరులోగా జవాబు రాతపూర్వకంగా ఇప్పించండి. రాకపోతే ఒకటో తారీఖున పది గంటలకు ఐదో కాగితంతో, ఈ క్యాలెండర్‌తో తమ కార్యాలయానికి వస్తాం.

ఇట్లు,
పోలీస్ లైన్ కుటుంబాల మహిళలు
(సంతకాలు, వేలిముద్రలు వెనుక పేజీలో)

జతపరిచినవి: పాత వినతిపత్రాల జిరాక్సులు 3, క్యాలెండర్ పేజీల జిరాక్సులు 12.