షాపుకు వేలంపాట ఉంది, ఇంటికి దరఖాస్తే లేదు



మున్సిపాలిటీ షాపులు కిరాయికి ఇస్తది. బస్టాండు పక్కన కాంప్లెక్స్ కట్టి, వేలంపాట పెట్టి, అడ్వాన్స్ తీసుకొని నెలనెలా కిరాయి వసూలు చేసుకుంటది. ఫంక్షన్ హాలు రోజు లెక్కన ఇస్తది. అదే మున్సిపాలిటీకి పోయి "సార్, ఉండటానికి ఒక ఇల్లు కిరాయికి కావాలె, దరఖాస్తు ఎక్కడ పెట్టాలె" అని అడిగి చూడండి. మాలో కొందరం ఒక వార్డు ఆఫీసులో అడిగినం. అక్కడున్న సారు ముందు నవ్విండు. "ఇందిరమ్మ ఇల్లా?" అన్నడు. కాదు సార్, కిరాయికి అన్నం. "కిరాయికైతే టులెట్ బోర్డులు చూసుకోండ్రి, మాకేం సంబంధం" అన్నడు.

ఆయన మీద మాకు కోపం లేదు. ఆయన టేబుల్ మీద ఆ ఫారం లేదు, పై ఆఫీసులోనూ లేదు. ఈ పోస్టు ఆ లేని ఫారం గురించే.

టులెట్ బోర్డు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆసిఫాబాద్ నుంచో, ఏటూరునాగారం నుంచో, అచ్చంపేట నుంచో చదువుకు, కోచింగుకు, నర్సింగు డ్యూటీకి హైదరాబాద్ వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు. గేటు దగ్గర మొదటి ప్రశ్న "ఏ ఊరు?" ఊరు చెప్తే "ఇంటిపేరేంది?" ఆత్రం, మడావి, సోడె, కుంజ, భూక్య, బానోత్... ఏదో ఒకటి నోట్లోంచి రాంగనే ఓనరమ్మ మొఖం మారుతది. తర్వాత "నీసు తింటరా?" (ఆదివారం ఆ గల్లీ మొత్తం మటన్ వాసనే వస్తది, అది వేరే ముచ్చట.) ఆఖరికి "మా అన్న కొడుకు వస్తనన్నడు, రూమ్ వాళ్లకే" అంటది. పది రోజుల తర్వాత అటు పోతే బోర్డు అట్లనే వేలాడుతుంటది.

ఎస్టీ జాబితాలో ఎవరుండాలె, ఎవరుండొద్దు అని మనలో మనం ఎంత కొట్లాడుకుంటమో అందరికీ తెలుసు. ఓనరుకు ఆ తేడా పట్టదు. కోయ అయినా, గోండు అయినా, లంబాడా అయినా, ఎరుకల అయినా గేటు బయటే.

"చట్టం ఉంది కదా, కేసు పెట్టండి" అనే పెద్దమనుషులు ఉన్నరు. రాజ్యాంగంలో 15(2) తీసి చదవండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఉన్నయి. కిరాయి ఇల్లు అనే మాట లేదు. ఒకే మతం వాళ్లే సభ్యులుగా ఉండాలనే హౌసింగ్ సొసైటీ నియమం చెల్లుతదని 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అట్రాసిటీ చట్టం ఉంది, కులం పేరు పెట్టి నలుగురిలో తిడితే పనికొస్తది. "మా అన్న కొడుకు వస్తనన్నడు" అనే మాట మీద ఏ ఎస్సై ఎఫ్ఐఆర్ రాస్తడు? ఓనర్లు మనకంటే తెలివైనోళ్లు, తిట్టరు. నవ్వుకుంటనే గేటు వేస్తరు.

అందుకే మేం అడిగేది ఇంకో చట్టం కాదు, ఇంకో ఓనరు. ఇంటిపేరు చూసి కాదనలేని ఓనరు ప్రభుత్వం ఒక్కటే. జాబితాలో మన నంబరు వస్తే ఇయ్యాలె, ఇయ్యకపోతే ఎందుకియ్యలేదో రాతపూర్వకంగా చెప్పాలె.

ఇది మా తలకాయలో పుట్టిన కల కాదు. బ్రిటన్‌లో 1919 చట్టం వచ్చినంక ఊరి కౌన్సిళ్లు పెద్ద ఎత్తున ఇళ్లు కట్టి కిరాయికి ఇచ్చినయి. 1970ల చివరికి అక్కడ దాదాపు మూడో వంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలోనే ఉండేవి. దరఖాస్తు పెట్టుకుంటరు, అవసరాన్ని బట్టి వరుస కడతరు, వంతు వచ్చినప్పుడు తాళంచెవి ఇస్తరు. కిరాయి మార్కెట్ కంటే తక్కువ. అక్కడ అంతా స్వర్గమని మేం అనడం లేదు. 1980లో థాచర్ ప్రభుత్వం ఆ ఇళ్లను ఉంటున్నోళ్లకే తక్కువ ధరకు అమ్మే చట్టం తెచ్చింది, అమ్మినన్ని మళ్లీ కట్టలేదు. ఇప్పుడు ఒక్క ఇంగ్లండ్‌లోనే 13 లక్షలకు పైగా కుటుంబాలు వరుసలో ఉన్నయి. స్టూడెంట్ వీసా మీద పోయిన మనోళ్లకైతే ఆ వరుసలో చోటే లేదు.

అయినా అక్కడ వరుస ఉంది. ఆ వరుస ఉండబట్టే ఎంతమందికి ఇల్లు లేదో లెక్క ఉంది, ఆ లెక్క పట్టుకొని ప్రతిపక్షం ప్రభుత్వాన్ని నిలదీస్తది. మన దగ్గర వరుసే లేదు. కాబట్టి కిరాయి ఇల్లు దొరకని గిరిజనులు హైదరాబాద్‌లో ఎంతమంది అంటే ఏ ఆఫీసరైనా చెప్పే జవాబు సున్న. మనం దరఖాస్తే పెట్టలేదు కదా మరి!

మన ప్రభుత్వాలు ఇళ్లు ఇయ్యలేదని కాదు. ఇచ్చినయి, ఇస్తున్నయి. డబుల్ బెడ్‌రూం, ఇందిరమ్మ ఇల్లు, చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి లాంటి తెగలకు పీఎం జన్‌మన్ కింద ఇల్లు. అన్నీ సొంతింటి పథకాలే. ఇందిరమ్మ మొదటి విడతే సొంత జాగ ఉన్నోళ్లకు 5 లక్షలు అన్నరు. మన జాగ గూడెంలో ఉంటది, తండాలో ఉంటది. పని పట్నంలో ఉంటది. ఊర్లో అమ్మానాన్న పేరు మీద ఇల్లు వస్తే సంతోషమే, కానీ రాత్రి డ్యూటీ దిగిన చెల్లె ఆ ఇంటికి పోయి పండుకుంటదా? విచిత్రం ఏందంటే గృహజ్యోతి 200 యూనిట్ల దగ్గర కిరాయికి ఉన్నోళ్లు కూడా లెక్కలోకి వచ్చిన్రు. బల్బు దగ్గర కనబడ్డ మనిషి ఇంటి దగ్గర ఎందుకు కనబడతలేడు?

"ప్రభుత్వం ఇళ్లు కిరాయికి ఇచ్చి నడపలేదు, మెయింటెనెన్స్ కష్టం" అంటరు. ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు ఎవరు నడుపుతున్నరు? కొత్తగూడెం, ఇల్లందు వైపు సింగరేణి క్వార్టర్లు చూడండి. మన అడవుల కింద బొగ్గు తవ్వడానికి వచ్చినోళ్లకు వరుసలు వరుసలు ఇళ్లు కట్టి, నీళ్లు, కరెంటు ఇచ్చి దశాబ్దాలుగా నడిపిన్రు. అంటే చేతనైన పనే. ఉద్యోగికి చేస్తరు, అడ్డాకూలీకి, స్టూడెంటుకు చేయరు, అంతే తేడా.

కేంద్రం దగ్గర కాగితం కూడా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడుచుకుంట పోయినంక, ఆ జూలైలోనే తక్కువ కిరాయి ఇళ్ల పథకం తెచ్చిన్రు, ఏఆర్‌హెచ్‌సీ అంటరు. అందులో కూలీలతో పాటు విద్యార్థులు కూడా ఉన్నరు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు, వితంతువులకు ప్రాధాన్యం అని రాసిన్రు. పాత జేఎన్ఎన్‌యూఆర్ఎం కింద కట్టి ఖాళీగా ఉన్న లక్షకు పైగా ఇళ్లను దేశమంతటా కిరాయికి మారుస్తమన్నరు. మొదటి మూడేళ్లలో మారినవి ఆరు వేల లోపు, అవీ సూరత్, చండీగఢ్ లాంటి చోట్ల. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన 2.0లో కూడా కిరాయి ఇళ్ల భాగం ఉంది. అంటే పథకం లేదని ఏ కమిషనరూ అనలేడు.

ఇళ్లు లేవని కూడా అనలేరు. ఒక్క కొల్లూరులోనే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించిన్రు. వచ్చినోళ్లలో కొందరు తాళం వేసి పోయిన్రని, కొందరు కిరాయికి ఇచ్చుకున్నరని తర్వాత పేపర్లలో చదివినం. మేం వాళ్లను తిట్టం. పని ఒక చోట, ఇల్లు ఔటర్ దగ్గర ఉంటే పేదోడు ఇంకేం చేస్తడు? కానీ చూడండి, ప్రభుత్వం కట్టిన ఇల్లే చివరికి కిరాయికి పోతున్నది, కాకపోతే దొంగచాటుగా, మళ్లీ ఇంటిపేరు అడిగి. ఆ ఇళ్లలో కొంత వాటా ముందే మున్సిపాలిటీ దగ్గర పెట్టుకొని కిరాయికి ఇస్తే ఏం పోయింది?

ఇక "మీకు హాస్టళ్లు ఉన్నయి కదా" అనే మాట. ఉన్నయి. వాటిల్లోనే చదువుకొని ఇక్కడిదాకా వచ్చినం. కోర్సు అయిపోయిన రోజు పెట్టె సర్దుకోవాలె. అసలు బతుకుదెరువు వెతుకులాట మొదలయ్యేది ఆ రోజే. పెళ్లయినోళ్లకు, పిల్లలున్నోళ్లకు, నిమ్స్‌లోనో గాంధీలోనో ఇంటోళ్లకు నెలల తరబడి వైద్యం చేయించేటోళ్లకు హాస్టల్ ఏం చేస్తది?

మనం అడగాల్సింది ఇది. ప్రతి మున్సిపల్ వార్డు ఆఫీసులో, మీసేవలో కిరాయి ఇంటికి దరఖాస్తు ఉండాలె. వరుస జాబితా అందరికీ కనబడేటట్టు గోడ మీద పెట్టాలె. రాష్ట్రం 2022లో ఎస్టీలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, ఈ ఇళ్లలోనూ దానికి తగ్గొద్దు. అడ్వాన్స్ రెండు నెలలకు మించొద్దు, కేంద్రం 2021లో చేసిన నమూనా కిరాయి చట్టంలో ఆ మాటే ఉంది. ఇళ్లు సిటీ బస్సు పోయే చోట ఉండాలె, ఊరి బయట ఇంకో గూడెం చేస్తమంటే ఒప్పుకునేది లేదు.

సోమవారం ప్రజావాణి ఉంది. పది మంది కలిసి పోండి. ఫారం లేదంటరు, తెల్లకాగితం మీద రాయండి. పేరు, తెగ, చేసే పని, ఇప్పుడు కట్టే కిరాయి, ఎన్ని ఇళ్లు కాదన్నరో రాయండి. రసీదు తీసుకోకుండా రావొద్దు. ఆర్టీఐ కింద 10 రూపాయలు కట్టి, మన పట్టణంలో ప్రభుత్వం కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లు ఎన్నో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. రసీదు నంబర్లు కింద కామెంట్లలో పెట్టండి. వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ మిత్రులు కూడా పెట్టండి, అన్నీ ఒక్క కాగితం మీద ఎక్కించే పని మేం చేస్తం.