పిల్లల భక్తి ఎవరి బాధ్యత?

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ కొందరు తల్లిదండ్రులు అంటారు: "టీచర్, కాస్త భక్తి కూడా నేర్పండి. ఇంట్లో మాకు టైం ఉండటం లేదు." అదే రోజు ఇంకొకరు వచ్చి, "మా వాడిని ఆ శ్లోకాల దగ్గర నిలబెట్టకండి, మా ఇంట్లో అది లేదు" అంటారు. ఇద్దరి మాటా న్యాయమైనదే. ఇద్దరికీ ఒకేసారి "అలాగేనండీ" అనడం మాత్రం కుదరదు.

హాస్టల్ పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. డేస్కాలర్ సాయంత్రానికి ఇంటికి చేరతాడు. దీపం పెట్టే అమ్మమ్మనో, నమాజుకు బయల్దేరే నాన్ననో, ఆదివారం చర్చికి తయారయ్యే అత్తనో చూస్తాడు. హాస్టల్ బిడ్డ నెలల తరబడి చూసేది వార్డెన్‌ని, మమ్మల్ని. ఇంటికి దూరంగా, నలుగురి మధ్య పెరిగే పిల్లలకు దేవుడి సంగతి ఎవరు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

మనకన్నా చాలా ముందు, మనకన్నా చాలా కష్టమైన చోట ఈ ప్రశ్నతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఒక డాక్టరు ఉన్నారు. పేరు యానుష్ కోర్చాక్. పోలండ్ దేశం, వార్సా నగరం. బీఈడీలో మేం రూసో, ఫ్రోబెల్, మాంటిస్సోరి, ఠాగూర్ అని వరసగా బట్టీ పట్టిన జాబితాలో ఈయన లేరు. ఉండాల్సిన మనిషి.

అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. యూదు కుటుంబం, కానీ ఇంట్లో పోలిష్ భాష, పోలిష్ పద్ధతులు. చనిపోయిన ఏడాది, అంటే 1942లో, రాసుకున్న డైరీలో తన ఐదో ఏట జరిగిన సంగతి ఒకటి చెప్పారు. పెంచుకున్న కెనరీ పిట్ట చనిపోయింది. దాన్ని పాతిపెట్టి పైన చిన్న కొయ్య శిలువ నాటాలనుకున్నాడు ఆ పిల్లవాడు. పిట్టకు శిలువేమిటి, తప్పు అంది పనిమనిషి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు ఇంకో అడుగు ముందుకేశాడు: పిట్ట యూదు పిట్ట, నువ్వూ యూదువే, నేను కేథలిక్‌ని కాబట్టి స్వర్గానికి పోతాను, నువ్వు చీకటిగా ఉండే ఇంకో చోటికి పోతావు. అలా, ఏడుస్తూ ఉన్న సమయంలో, తోటి పిల్లవాడి నోటినుంచి తన మతం ఏమిటో ఆయనకు తెలిసింది. ఇంట్లో ఎవరూ ముందు చెప్పలేదు. మనం చెప్పకుండా ఊరుకుంటే పిల్లలకు తెలియదనుకోవడం ఎంత అమాయకత్వమో ఈ ఒక్క సంగతి చాలు. ఇంట్లో మాట్లాడని మతాన్ని వాళ్లు స్కూల్ బస్సులో నేర్చుకుంటారు, అదీ ఎక్కువగా వెక్కిరింత రూపంలో.

1912లో వార్సాలోని క్రోహ్మాల్నా వీధి 92 నంబరులో యూదు అనాథ పిల్లల కోసం ఒక ధర్మసంస్థ కట్టించిన ఇంటికి ఆయన డైరెక్టరు అయ్యారు. ఏడు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న వంద మందికి పైగా పిల్లలు. తోడుగా స్టెఫానియా విల్చిన్‌స్కా అనే టీచరు. పేరుకు డైరెక్టరు కోర్చాకే అయినా ఇల్లు నడిపింది చాలావరకు ఆవిడే. (ఇలాంటి కథల్లో ఆవిడ లాంటి వాళ్ల పేరు ఎప్పుడూ రెండో వాక్యంలోనే వస్తుంది.)

కోర్చాక్ ఏ మతాచారాన్నీ పట్టుగా పాటించిన మనిషి కాదు. అయినా ఆ ఇంట్లో శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం ఉండేది, యూదుల పండుగలు ఉండేవి. ప్రార్థనకు చోటు ఉండేది, రావడం రాకపోవడం పిల్లల ఇష్టం. అమ్మో నాన్నో పోయిన పిల్లలకు ఆ చోటు ఎంత అవసరమో ఊహించండి. యూదుల్లో చనిపోయిన తల్లిదండ్రుల కోసం కొడుకు నెలల తరబడి కద్దిష్ అనే ప్రార్థన చదువుతాడు. అది ఒంటరిగా చదివేది కాదు, పదిమంది కూడాలి. బిడ్డకు అది మతం అనే పాఠం కాదు, నాన్నతో మిగిలిన ఒకే ఒక్క పని. తనకు పట్టింపు లేదు కాబట్టి పిల్లలకూ అక్కర్లేదని ఆ డాక్టరు అనుకోలేదు.

ఇంకొకటి. శనివారం పూట పిల్లలు తమ బంధువుల ఇళ్లకు వెళ్లి వచ్చేవారు. చాలామందికి తల్లో, మేనత్తో, తాతో ఎవరో ఒకరు మిగిలి ఉండేవారు. ఆ ఇళ్లు పేదవి, ఇరుకువి. శుభ్రత కోసం, క్రమశిక్షణ కోసం ఆ రాకపోకలు ఆపేయడం ఏ సంస్థకైనా సులువు. ఈ ఇంట్లో ఆపలేదు. పిల్లవాడి పండుగ, భాష, వంట, దేవుడు అన్నీ ఆ ఇరుకు గదిలోనే ఉన్నాయి మరి.

అన్ని అనాథాశ్రమాలూ ఇలా ఆలోచించలేదు. లండన్‌లో 1739లో రాజశాసనంతో ఏర్పడిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ సంగతి చూడండి. పేరులో హాస్పిటల్ ఉన్నా అది తల్లులు పెంచలేక వదిలిన పసిపిల్లల ఆశ్రమం. వేల ప్రాణాలు నిలబెట్టింది, కాదనలేం. కానీ బిడ్డ లోపలికి రాగానే బాప్తిస్మం ఇచ్చి కొత్త పేరు పెట్టేవారు. తల్లి పెట్టిన పేరు అక్కడితో ఆగిపోయేది. ఆదివారాల్లో నగరంలోని పెద్దమనుషులు అక్కడి చాపెల్‌కు వచ్చి పిల్లలు పాడే కీర్తనలు వినేవారు, ఆ తర్వాత వాళ్లు వరసగా కూర్చుని భోజనం చేయడం చూసేవారు, చందాలిచ్చేవారు. పిల్లల భక్తి దాతలకు చూపించే వస్తువు అయింది.

ఇది చదివి అయ్యో అనుకునే ముందు మన యాన్యువల్ డే వీడియోలు ఒకసారి తెరిచి చూద్దాం. ఎల్‌కేజీ పాప కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా శ్లోకం చెబుతుంది. ఫోన్లన్నీ లేస్తాయి, చప్పట్లు మోగుతాయి, సాయంత్రానికి అది ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది. పాపకు ఆ మాటల అర్థం ఎవరూ చెప్పలేదు, పాప అడగనూ లేదు. పరీక్షల ముందు హాల్ టికెట్లు దేవుడి పాదాల దగ్గర పెట్టడం మన ఇళ్లలో మామూలే, పెన్నులకు పూజ కూడా. అందులో తప్పు లేదు, భయంగా ఉన్నప్పుడు పెద్దవాళ్లం మనమూ అదే చేస్తాం. కానీ బిడ్డకు దేవుడితో ఉన్న పరిచయం అంతా ర్యాంకు బేరమే అయితే, ర్యాంకు రాని ఏడాది ఆ పరిచయం ఏమవుతుంది? నా క్లాసులో పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. ఇంట్లో అడగరు, తిడతారని.

కోర్చాక్ మాటల్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపినది, పద్నాలుగేళ్లు నిండి ఇల్లు వదిలి వెళ్లే పిల్లలకు ఆయన చెప్పిన వీడ్కోలు. దాని సారాంశం ఇది: మేం మీకు దేవుణ్ణి ఇవ్వలేం, ఎవరి దేవుణ్ణి వాళ్లు తమ లోపలే, ఒంటరిగా కష్టపడి వెతుక్కోవాలి. మనుషుల మీద ప్రేమనూ ఇవ్వలేం, అది క్షమించడంతో వస్తుంది, క్షమించడం ఎవరికి వారు నేర్చుకోవాల్సిన శ్రమ. ఇవ్వగలిగింది ఒక్కటే, ఇప్పటికి లేని మంచి జీవితం కోసం ఆరాటం.

ఇది చేతులు దులుపుకునే మాట అని కొందరికి అనిపించవచ్చు. కాదు, ఎందుకంటే ఆ ఇంట్లో క్షమ గురించి ఉపన్యాసాలు ఇవ్వలేదు, దానికి ఒక కోర్టు పెట్టారు. జడ్జీలు పిల్లలే. చట్టంలోని మొదటి 99 సెక్షన్లూ ఏదో ఒక కారణం చెప్పి క్షమించేవే. పెద్దవాళ్ల మీద కూడా కేసు వేయవచ్చు. ఆరు నెలల్లో ఐదుసార్లు తన మీదే కేసు పడిందని కోర్చాక్ రాసుకున్నారు. నీతికథల పీరియడ్ వారానికి ఒకటి పెట్టి, మిగతా రోజుల్లో తప్పు చేసినవాణ్ణి క్లాసు బయట నిలబెట్టే మా టీచర్ల లోకానికి ఇది కాస్త ఇబ్బంది పెట్టే ఉదాహరణ.

ఆయన అందరినీ మెప్పించారా అంటే, లేదు. యూదుల్లో కొందరు ఆ ఇల్లు మరీ పోలిష్‌ అన్నారు, పోలండ్ వాళ్లలో కొందరు మరీ యూదు అన్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి: అక్కడ పిల్లలందరిదీ ఒకే మతం, కాబట్టి ఏ పండుగ చేయాలనే తగాదా లేదు. మన హాస్టల్లో ఒకే గదిలో మూడు మతాల పిల్లలుంటారు, మాల వేసుకున్న తండ్రి కొడుకూ ఉంటాడు, ఏ దేవుడూ లేడనే తండ్రి కూతురూ ఉంటుంది. అందుకే మనకు ఆయన పద్ధతి మొత్తంగా కుదరదు. ఆయన గీసిన గీత కుదురుతుంది: చోటు ఇవ్వడం సంస్థ పని, నింపడం కాదు.

నాజీలు 1940లో ఆ ఇంటిని ఘెట్టో గోడల లోపలికి తరిమారు. 1942 జూలై 18న, ఆకలితో ఉన్న ఆ పిల్లలు ఒక నాటకం ఆడారు. అది బైబిలు కథ కాదు, మన ఠాగూర్ రాసిన 'డాక్‌ఘర్'. మంచం పట్టిన అమల్ అనే పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. రాబోయేదాన్ని పిల్లలు నెమ్మదిగా ఎదుర్కోవాలని కోర్చాక్ దాన్ని ఆడనిచ్చారని చెబుతారు. నాలుగు రోజుల తర్వాత ఘెట్టో నుంచి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో దాదాపు రెండు వందల మంది పిల్లలను ట్రెబ్లింకాకు తీసుకుపోయారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా ఆయన, విల్చిన్‌స్కా, మిగతా టీచర్లు పిల్లలతోనే వెళ్లారు. ఎవరూ తిరిగి రాలేదు.

1978లో బాలల హక్కుల ఒప్పందం కావాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన దేశం పోలండే. 1989లో వచ్చిన ఆ ఒప్పందంలో 14వ అధికరణం పిల్లల మత స్వేచ్ఛను గుర్తిస్తుంది, దారి చూపే హక్కు తల్లిదండ్రులకు ఇస్తూనే, అది బిడ్డ ఎదుగుదలకు తగ్గట్టు ఉండాలంటుంది. ఇంటికి దూరమైన బిడ్డ విషయంలో మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడమంటుంది 20వ అధికరణం. భారత్ 1992లో ఇందులో చేరింది. మన రాజ్యాంగం ఇంకా ముందే చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా మతబోధలో, ప్రార్థనలో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, మైనర్ల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. 28వ అధికరణం, మూడో క్లాజు. టెన్త్ సోషల్ క్లాసులో పిల్లలకు ప్రాథమిక హక్కులు చెప్పి, మరుసటి ఉదయం అసెంబ్లీలో దాన్ని మనమే మరిచిపోకూడదు కదా.

ప్రార్థనను ఐచ్ఛికం చేస్తే హాస్టల్లో అందరూ ముసుగు తన్ని పడుకుంటారని అనుభవం ఉన్న వార్డెన్లు అంటారు. మొదటి వారం నిజంగానే పడుకుంటారు. రెండో వారం ఎవరు లేస్తారో, ఎందుకు లేస్తారో మనకు అప్పుడే తెలుస్తుంది.

"మాకు టైం లేదు" అనే తల్లిదండ్రులకు నా జవాబు ఇది. ఫీజు కట్టి మాకు అప్పగించగలిగిన పనుల్లో ఇది లేదు. ఇంగ్లీషు గ్రామర్ నేను నేర్పుతాను. మీ ఇంట్లో ఉగాది పచ్చడిలో ఎవరు వేపపువ్వు ఎక్కువ వేస్తారో, రంజాన్ మొదటి రోజా మీరు ఏ వయసులో పట్టారో, క్రిస్మస్ స్టార్ ఎవరు కట్టేవారో, లేదా మీకు నమ్మకం ఎందుకు పోయిందో మీరే చెప్పాలి. హాస్టల్ ఫోన్ టైంలో మొదటి ప్రశ్న "వీక్లీ టెస్ట్ ఎంత?" అయితే మిగతా నిమిషాల్లో దానికి చోటుండదు.

ఈ నెల నా క్లాసు హాస్టల్ పిల్లల డైరీల్లో ఒక పేజీ ఖాళీగా పంపుతున్నాను. మీ ఇంట్లో జరిగే పండుగలు, తద్దినాలు, ఉపవాసాలు, మీ బిడ్డను దూరంగా ఉంచమనే కార్యక్రమాలు ఏవైనా ఉంటే రాయండి. ఆ రోజుల్లో ఇంటికి అదనంగా ఒక ఫోన్ కాల్ ఇప్పించమని వార్డెన్‌ను అడుగుతాను. రాసే ముందు మీ బిడ్డను కూడా ఒక మాట అడగండి.