మడత చాకు కొనేముందు

ప్రయాణాల్లో పళ్లు కోసుకోవడానికి మడత చాకు కొంటున్నారా? 'స్టెయిన్‌లెస్' అని ఉంటే చాలనుకోకండి. బ్లేడు మీదో, పెట్టె మీదో స్టీలు రకం ఉందేమో చూడండి.

చవక చాకుల్లో తరచూ కనిపించేవి 420జె2, 8సిఆర్13ఎంఓవి. రెండింటిలోనూ క్రోమియం దాదాపు 13 శాతమే. ప్రధానమైన తేడా కార్బన్‌లో ఉంది. మొదటిదాంట్లో అది సుమారు 0.3 శాతం. తుప్పు తొందరగా పట్టదు, తేలిగ్గా పదునెక్కుతుంది, అంత త్వరగానూ మొద్దుబారుతుంది. రెండోదాంట్లో 0.8 శాతం. పదును చాన్నాళ్లు నిలుస్తుంది గానీ తడి, పులుపు అలాగే వదిలేస్తే మచ్చలు పడతాయి.

నిమ్మకాయలు, మామిడికాయలు ఎక్కువగా కోసేవారికి మొదటిదే మేలు. వెంటనే కడిగి తుడిచే ఓపిక ఉంటే రెండోది తీసుకోండి. ఏదైనా తడి ఆరాకే మడవండి. మొద్దుబారిన చాకును గట్టిగా నొక్కితే జారి వేలు తెగుతుంది. పదును తగ్గగానే సాన పట్టించండి.