మన్యపు వానకు మిల్లీమీటర్ల లెక్క చెల్లదు

తొలకరి పడగానే సైకిల్ తొక్కేవాళ్లలో, పరుగు తీసేవాళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. జాకెట్ కొంటే 20,000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఉన్నదే కొనాలి, డబ్బు చాలకపోతే కనీసం 10,000ది కొనాలి అని. సంఖ్య ఎంత పెద్దదైతే ఒళ్లు అంత పొడిగా ఉంటుందని ఈ మాట చెప్పేవాళ్లు గట్టిగా నమ్ముతారు. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి లంబసింగి మీదుగా చింతపల్లి చేరేవాళ్లకు ఈ సలహా పనికిరాదు. పైగా వేలకు వేలు ఖర్చు పెట్టించి, చివరికి తడి బట్టలతో చలికి వణికిస్తుంది.

ముందు ఆ సంఖ్య సంగతి చూద్దాం. ప్రయోగశాలలో బట్ట ముక్కను బిగించి, దాని మీద నీటి ఒత్తిడిని మెల్లగా పెంచుతూ పోతారు. అవతలి పక్క మూడు చోట్ల నీటి చుక్క కనబడగానే ఆపి, అప్పటి ఒత్తిడిని నీటిమట్టం ఎత్తుగా రాసుకుంటారు. 10,000 మిల్లీమీటర్లంటే 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని ఆ బట్ట తట్టుకుందన్నమాట. వీపు సంచి పట్టీలు నొక్కే భుజాల దగ్గర కొంత అదనపు బలం కావాలి, నిజమే. అది దాటాక సంఖ్య పెంచుకుంటూ పోతే సైకిల్ మీద ఉన్నవాళ్లకు ఒరిగేది చాలా తక్కువ. ఎందుకంటే నీరు సాధారణంగా బట్టలోంచి రాదు. కుట్ల దగ్గర, జిప్పు దగ్గర, మెడ దగ్గర, మణికట్టు దగ్గర వస్తుంది. ఈ సంఖ్య వాటిలో దేన్నీ కొలవదు.

అసలు చిక్కు బయటి నీటితో కాదు, లోపలి నీటితో. చెమట ఆవిరిని బయటికి పంపే పొర ఉందిగా అంటారు. ఉంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను సాగదీసి సూక్ష్మరంధ్రాల పొరగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. 1976 నుంచి అది గోర్‌టెక్స్ పేరుతో బట్టల్లోకి వచ్చింది. నీటి చుక్క దూరలేని రంధ్రాల్లోంచి ఆవిరి బయటికి పోతుంది. గొప్ప ఆవిష్కరణే. కాని ఆ పొర ఆవిరిని బయటికి నెట్టదు. లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉన్నంత మేరకే ఆవిరి దానంతటది కదులుతుంది.

ఆ తేడా ఎంతో లెక్క వేద్దాం. చెమట పట్టిన చర్మం 34 డిగ్రీల దగ్గర ఉంటే అక్కడ ఆవిరి ఒత్తిడి 5.3 కిలోపాస్కళ్లు. 5 డిగ్రీల చలిలో, 70 శాతం తేమ ఉన్న గాలిలో అది 0.6. అంటే ఆవిరిని బయటికి లాగే తేడా 4.7. ఆగస్టులో చింతపల్లి ముసురు 24 డిగ్రీల దగ్గర, 95 శాతం తేమతో ఉందనుకోండి. బయటి ఒత్తిడి 2.8. తేడా 2.5 మాత్రమే. అదే జాకెట్, అదే ధర, పని మాత్రం సగం.

ఇంకో లెక్క. చీటీ మీద 10,000 గ్రాముల బ్రీతబిలిటీ అని రాసి ఉంటే, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో అంత ఆవిరి పోతుందని అర్థం. గంటకు 417 గ్రాములు. ఇది కూడా ప్రయోగశాల మాటే. ఎక్కువగా వాడే ఒక పరీక్షలో బట్టకు ఒక పక్క తేమను గట్టిగా పీల్చుకునే లవణ ద్రావణం పెడతారు. మన్యపు గాలి అలా పీల్చుకోదు. ఘాట్ ఎక్కే సైకిలిస్టుకు, బాగా పరుగు తీసేవాళ్లకు గంటలో లీటరు చెమట పట్టడం మామూలు. అందులో పెద్ద వాటా జాకెట్ కప్పిన భాగం నుంచే వస్తుంది. మిగిలిపోయిన చెమట ఎక్కడికి పోతుంది? బనియనులోకి, చేతుల మడతల్లోకి, నడుం పట్టీలోకి. పొర ఎంత ఖరీదైనదైనా ఈ లెక్కను మార్చలేదు.

ఇది దారి మీద ఎలా ఉంటుందో చూడండి. నర్సీపట్నం దాదాపు సముద్రమట్టం దగ్గరి ఊరు. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో సుమారు 900 మీటర్ల ఎక్కుడు. ఎత్తుతో పాటు ఐదారు డిగ్రీల వేడి తగ్గుతుంది. డౌనూరు దాటి మలుపులు మొదలయ్యేసరికి తుంపర పడుతుంది. సైకిలిస్టు ఆగి, జాకెట్ వేసుకుని, జిప్పు మెడ దాకా లాగుతాడు. గంటన్నర తర్వాత పైన టీ కొట్టు ముందు ఆగి ఆ జిప్పు తీస్తే, మోచేతుల దగ్గర పోగైన నీరు మణికట్టు గుండా ధారగా కారుతుంది. అది వాన నీరు కాదు, చెమట. ఆ తడి చొక్కాతోనే చింతపల్లి వైపు దిగుడులో వేగం అందుకుంటాడు. ఎదురుగాలి తగలగానే పళ్లు కటకటలాడతాయి. మన దారుల్లో చలి పుట్టించేది ఇదే: ఎక్కేటప్పుడు లోపల బిగబట్టిన చెమట, దిగేటప్పుడు తగిలే గాలి.

మరి ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది? రెండు చోట్ల నుంచి. ఒకటి చలిదేశాల కొండల నుంచి. అక్కడ వాన 5, 10 డిగ్రీల్లో పడుతుంది, ఒళ్లు తడిస్తే ప్రాణానికే ముప్పు. రెండోది మోటార్‌సైకిల్ నుంచి. పాడేరు, చింతపల్లి దారుల్లో బండి మీద పోయేవాళ్లు మందపాటి రెయిన్‌కోటు వేసుకుంటారు. వాళ్లకు అది సరైనదే. వాళ్లు కదలకుండా కూర్చుంటారు, ఇంజను పని చేస్తుంది. సైకిల్ మీద, పరుగులో ఇంజను మన ఒళ్లే. ఈ తేడాను పట్టించుకోకుండా ఇచ్చిన సలహా మంచి మనసుతో ఇచ్చినా తప్పు సలహాయే.

వానలో తడిస్తే జబ్బు చేస్తుంది కదా అని కొందరు అడుగుతారు. 24 డిగ్రీల వానలో కదులుతున్న ఒంటికి తడి వల్ల పెద్ద నష్టం లేదు. నష్టం ఆగినప్పుడు మొదలవుతుంది. అందుకే వానాకాలంలో పరుగు తీసేవాళ్లకు జాకెట్ కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి: ఒంటికి అంటుకుని ఒరుసుకోని, త్వరగా ఆరే పాలియెస్టర్ బనియను, నీరు చొరని సంచిలో ఒక పొడి చొక్కా. ఆగగానే మార్చుకుని, పైన పలచటి గాలి జాకెట్ వేసుకుంటే చాలు. నూలు చొక్కా మాత్రం వద్దు. అది నీటిని పట్టుకుని వదలదు.

ఒక్క మంచి జాకెట్ కొంటే అన్ని కాలాలకూ సరిపోతుందన్న వాదనా నిలబడదు. మన్యానికి రెండు వేరు వేరు తడులున్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా వెచ్చటి వాన. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున పొగమంచు, చింతపల్లిలో, లంబసింగిలో ఒక అంకెకు దిగే చలి. పొగమంచులో నీరు పైనుంచి పడదు, కనురెప్పల మీద, చేతుల మీద సన్నగా కూడుతుంది. దానికి 20,000 మిల్లీమీటర్ల కవచం అక్కర్లేదు. నీటిని జార్చే పూత ఉన్న పలచటి గాలి జాకెట్, లోపల ఉన్ని బనియను చాలు. ఆ గాలి జాకెట్ మడిస్తే గుప్పిట్లో పడుతుంది, వానాకాలపు దిగుళ్లకూ పనికొస్తుంది.

పూర్తి వాటర్‌ప్రూఫ్ జాకెట్ ఎప్పటికీ అక్కర్లేదని నేననడం లేదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి గంటల తరబడి చల్లటి వాన కురిసేటప్పుడు అది కావాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను రోజున మాత్రం ఏ జాకెట్టూ కాపాడదు, ఇంట్లో ఉండటమే మార్గం. కొనదలుచుకుంటే చూడాల్సినవి వేరు. కుట్ల మీద లోపలి నుంచి టేపు అతికించారా? చంకల కింద జిప్పులున్నాయా? ముందు జిప్పును కింది నుంచి కూడా తెరవొచ్చా? దుకాణంలోనే వేసుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి చూడండి. నడుం బయటపడినా, చేతులు మణికట్టు దాటి పైకి జరిగినా అది సైకిల్‌కు పనికిరాదు. తల తిప్పినప్పుడు టోపీ కన్నుకు అడ్డం వస్తే లారీలు, జీపులు తిరిగే ఘాట్ రోడ్డు మీద ప్రమాదం. నల్ల రంగు వద్దు. పొగమంచులో కొట్టొచ్చినట్టు కనబడే పసుపో నారింజో, వెలుగు పడితే మెరిసే పట్టీలతో తీసుకోండి. సైకిల్‌కు మడ్‌గార్డులు బిగించండి. వెనక చక్రం చిమ్మే బురద నీటిని అవి ఆపినట్టు ఏ జాకెట్టూ ఆపలేదు.

ఇంకో మాట కూడా అమ్మేవాళ్లు చెప్పరు. నీటిని జార్చే పైపూత అరిగిపోతే పై బట్ట నీరు పీల్చుకుంటుంది, ఇక ఆవిరి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. పాలియురెథేన్ పూత వేసిన జాకెట్లను మన్యపు తేమలో మడిచి పెడితే ఏళ్లు గడిచేసరికి పూత జిగురు కట్టి పొట్టులా ఊడుతుంది. ఎంత రేటింగ్‌ది కొన్నా ఈ గతి తప్పదు. ఆరబెట్టి, వేలాడదీసి దాచుకోవాలి.

కొండల్లో తరతరాలుగా పొలం పనికి ఆకుల గిడుగు వాడారు. పైనుంచి వాన ఆపుతుంది, కింద గాలి ఆడుతుంది. వంగి నాట్లు వేసే ఒంటికి ఏం కావాలో వాళ్లకు తెలుసు. కష్టపడే ఒంటికి కప్పుతో పాటు గాలీ కావాలన్న ఆ ఇంగితాన్ని జాకెట్లు అమ్మేవాళ్లు, సలహాలిచ్చేవాళ్లు ఒక సంఖ్య కింద పాతిపెట్టారు.

కాబట్టి ఈ వానాకాలం చింతపల్లి దారి పట్టేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. చీటీ మీది మిల్లీమీటర్లు చూసి డబ్బు పెట్టకండి. పలచటి గాలి జాకెట్, పొడి చొక్కా, మడ్‌గార్డులు ముందు కొనండి. ఆ తర్వాతే వాన జాకెట్ గురించి ఆలోచించండి. ఎక్కేటప్పుడు జిప్పు తెరవండి, దిగేముందు మూయండి.