పాటల పీరియడ్ ఉందా అని మన అమ్మానాన్నలు అడగాలి

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు మా చెల్లి చేతులు తిప్పుకుంటూ బడిలో నేర్చిన పాట పాడుతోంది. నాలుగో తరగతి. మా అయ్య కసిరాడు: "బడికి పంపేది పాటలకా? ఎక్కాలు చెప్పు." నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎందుకంటే ఊళ్లో భూమి పండుగకి డోలు కొట్టేది మా అయ్యే.

ఆయన తప్పు కాదు. బడి గురించి ఆయనకి చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో మొదట కాలేజీకి వచ్చింది మనం, మనమే చెప్పాలి.

నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు కోయ తప్ప తెలుగు రాదు. సార్ చెప్పేది అర్థం కాక మూల కూర్చునేవాణ్ణి. మొదట నోరు తెరిచింది అభినయ గేయాలతోనే. అందరితో కలిసి పాడితే తప్పు పోయినా ఎవరూ నవ్వరు. చెయ్యి చూపిస్తే మాట అర్థమయ్యేది. అంటే పాటే నాకు తెలుగు నేర్పింది. మూడో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్ లెక్కలకి పోయింది.

దాని ఫలితం డిగ్రీ ఫ్రెషర్స్ రోజు తెలిసింది. "మీ వాళ్ల పాట ఒకటి పాడు" అన్నారు. ఒక్కటీ రాలేదు. సినిమా పాట రెండు లైన్లు పాడి దిగిపోయా. డోలు కొట్టేవాడి కొడుకుని నేను.

డోలు కొట్టి మన వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. దేశం గౌరవించిన విద్య మన బడిలో టైం వేస్ట్ ఎట్లా అవుతుంది?

ఇంటికి పోయినప్పుడు ఇవి చెప్పండి:

పాటల క్లాసు గొంతు పోటీ కాదు. "నీకు గొంతు లేదు" అని పిల్లల్ని అనొద్దు. వినడం, తాళం పట్టడం, నలుగురితో కలవడం నేర్చుకోవడమే అది.

హార్మోనియం లేదని ఆపక్కర్లేదు. చప్పట్లు చాలు. ఊళ్లో పాడే అవ్వని నెలకి ఒకరోజు బడికి పిలిస్తే ఇంకా మంచిది. అయితే వేల్పుల పాటలు అన్నీ ఎక్కడపడితే అక్కడ పాడేవి కావు. ఏవి బడిలో పాడొచ్చో పెద్దల్ని అడగండి.

నాయకులు వచ్చినప్పుడు పిల్లలకి ఈకలు, కొమ్ములు పెట్టి ఆడించడం సంగీతం క్లాసు కాదు. ఆ పాటకి అర్థం కూడా చెప్పాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే కళలకి పార్ట్‌టైం టీచర్ ఉండాలి. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని కూడా అందులోనే ఉంది. అంటే అడిగే హక్కు మనవాళ్లకి ఉంది.

సార్లతో గొడవ పడమని కాదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడులు మనవి, వాళ్ల కష్టం వాళ్లది. "పాటల పీరియడ్ ఎప్పుడు సార్? మేం ఏమైనా సాయం చెయ్యాలా?" అని మర్యాదగా అడిగితే చాలు.

ఇదంతా మా అయ్యకి చెప్పా. ఏం మాట్లాడలేదు. రాత్రి చెల్లిని పిలిచి "ఆ పాట ఏంది, మళ్లీ పాడు" అన్నాడు. ఆమె పాడుతుంటే వేళ్లతో మంచం పట్టె మీద తాళం వేశాడు.

మీ ఊరి బడిలో ఎట్లా ఉందో కింద రాయండి. జై ఆదివాసీ.