గుండె కవాటాల ఇన్ఫెక్షన్ నివారణ, చికిత్సలపై వినతిపత్రం

గౌరవనీయులైన తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్ గార్ల సముఖానికి,

ఆర్యా,

రెండు జిల్లాల్లోని గుండె కవాట రోగులు, వారి కుటుంబీకుల తరఫున ఈ విన్నపాన్ని సమర్పిస్తున్నాము.

గుండె కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్‌ను వైద్యులు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. జబ్బు అరుదే. ఏడాదికి లక్ష మందిలో సుమారు మూడు నుంచి పది మందికి వస్తుందని వివిధ దేశాల అంచనా. అయితే సోకితే ఆసుపత్రిలో చేరినవారిలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరు మరణిస్తున్నారు. చికిత్స చూస్తే నాలుగు నుంచి ఆరు వారాలు నరం ద్వారా యాంటీబయాటిక్స్. కొందరికి ఆపరేషన్ కూడా తప్పదు.

ఎవరికి రావచ్చో మాత్రం చాలావరకు ముందే తెలుసు. చిన్నతనంలో గొంతునొప్పి వెంట వచ్చిన రుమాటిక్ జ్వరంతో కవాటాలు దెబ్బతిన్నవారు, పుట్టుకతో గుండె లోపం ఉన్నవారు, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు, ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవారు, గొట్టం ద్వారా డయాలసిస్ చేయించుకునేవారు. సంపన్న దేశాల్లో ఇది ఎక్కువగా ముసలివారికి వస్తుంది. మన దేశంలో ఇల్లు నడిపే వయసులో వస్తోంది.

తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి, 2021 అక్టోబరు నుంచి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉన్నాయి. కవాటాల ఆపరేషన్లకు ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఉంది. అందుకు కృతజ్ఞులము. లోటంతా ఆపరేషన్‌కు ముందూ, తర్వాతా ఉంది. కనుక కోరుతున్నది ఇది:

మొదటిది, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైన చెప్పిన రోగుల రిజిస్టరు ఉండాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లల్లో పుట్టుకతో వచ్చిన గుండె లోపాలను, రుమాటిక్ గుండె జబ్బును ఎటూ వెతుకుతున్నారు. ఆ పేర్లకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవారి పేర్లు చేరిస్తే చాలు. కొత్త సర్వే అడగడం లేదు.

రెండవది అన్నిటికన్నా ముఖ్యం. రిజిస్టరులో ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు తీయాలి. మన ఊళ్లలో జ్వరమంటే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది పడుతుంది. ఆ తర్వాత కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు, అప్పుడు పెద్దాసుపత్రి వైద్యుడు కూడా ఊహ మీద మందు రాయాల్సి వస్తుంది. కుప్పం, పలమనేరు, సత్యవేడు వంటి చోట్ల రక్తం తీసి, అదే రోజు తిరుపతి ఎస్వీ వైద్య కళాశాల ల్యాబుకో, దగ్గరలోని మరో ల్యాబుకో చేర్చే ఏర్పాటు చేయాలి. ఆర్‌ఎంపీలకూ ఈ సంగతి చెప్పించాలి. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, జనం ముందు వెళ్లేది వారి దగ్గరికే.

మూడవది, రుమాటిక్ జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకోసారి వేయాల్సిన బెంజథీన్ పెన్సిలిన్ ఆరోగ్య కేంద్రాల్లో ఎప్పుడూ నిల్వ ఉండాలి. రియాక్షన్ భయంతో వెనకాడకుండా సిబ్బందికి శిక్షణ, అత్యవసర మందులు ఇవ్వాలి.

నాలుగవది, కృత్రిమ కవాటం ఉన్నవారికీ, ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికీ తెలుగులో కార్డు ఇవ్వాలి. పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ అవసరమని దంతవైద్యుడికి అది చూపితే తెలుస్తుంది.

ఐదవది, రోగి కుదుటపడ్డాక, వైద్యులు సమ్మతిస్తే, మిగిలిన వారాల ఇంజెక్షన్లు ఇంటికి దగ్గరి ఏరియా ఆసుపత్రిలో వేయించాలి. ఆరు వారాలు తోడుండే మనిషికి కూలి పోతుంది.

వీటిలో కొత్త భవనం అవసరమైనది ఒక్కటీ లేదు. రెండు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారుల సమక్షంలో మాతో ఒక సమావేశం ఏర్పాటు చేసి, ఏ కోరికపై ఏ చర్య తీసుకుంటారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాము.

భవదీయులు,
గుండె కవాట రోగులు, కుటుంబీకులు
తిరుపతి, చిత్తూరు జిల్లాలు