ప్రార్థన చేయించిన చేతే పాసు రాసింది

గిరిజనుల మధ్య మిషనరీల పని అనగానే మనకు దుమ్ముగూడెం కోయగూడేలో, విశాఖ మన్యమో గుర్తొస్తాయి. కృష్ణ ఒడ్డున, బెజవాడకు ఎదురుగా ఉన్న సీతానగరం గుర్తురాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆపైన సర్కారు, ఆ చట్టం కింద నేరస్థులన్న ముద్ర పడ్డ ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషనరీ సంస్థకు అప్పజెప్పింది. సీతానగరంలో ఒక సెటిల్‌మెంటు, బాపట్ల దగ్గర ఇంకొకటి. రెండోదానికి మద్రాసు ప్రభుత్వ పెద్ద హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం.

అంతకుముందు ఎరుకలవాళ్ళు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్ళకు చేరవేసి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. ఆడవాళ్ళు బుట్టలల్లేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసి, రైలు పట్టాలు పడ్డాక ఆ బేరం చచ్చింది. వాళ్ళ కూడు పోగొట్టిన సర్కారే వాళ్ళను దొంగలంది.

సెటిల్‌మెంటులో బడి పెట్టారు, పని చూపించారు. ఆ మేలు చిన్నది కాదు. కానీ అక్కడివాళ్ళు హాజరు పలకాలి, పాసు లేనిదే పొలిమేర దాటకూడదు. ఆ పాసు ఇచ్చేది ప్రార్థన చేయించే దొరే. ఆయన ముందు మోకరించిన మనిషి మనసారా మోకరించాడో, రేపటి పాసు కోసం మోకరించాడో ఎవరు తేల్చగలరు? బాప్తిస్మాల కంటే నన్ను ఎక్కువ బాధించేది ఇదే. సాల్వేషన్ ఆర్మీని ఈ దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ సివిల్ సర్వీసు కొలువు వదిలి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. బొంబాయి వీధుల్లో ఊరేగింపు తీసి జైలుకూ వెళ్ళాడు. అలాంటివాడి సంస్థ సర్కారు కాపలా పనికి ఒప్పుకోవడం నాకు మింగుడుపడదు.

చట్టం 1952లో రద్దయింది. ఆ ముద్రను మాత్రం మనం సినిమా పేర్లలోకి కూడా ఎక్కించాం. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం, కవి జాషువా కూతురు, స్టూవర్టుపురం వెళ్ళి పనిచేశారు. ఆమె దగ్గర హాజరు పుస్తకం లేదు, పాసులిచ్చే అధికారం లేదు. మిషనరీలు కూడా అలాగే వెళ్ళివుండాల్సింది.

ఆనాటి సెటిల్‌మెంటు రికార్డులను ప్రభుత్వమూ, సాల్వేషన్ ఆర్మీయూ తెలుగులో బయటపెట్టాలి. తమ తాతముత్తాతల పేర్లు ఏ నేరం మోపి నేరస్థుల జాబితాలోకి ఎక్కించారో చదివి తెలుసుకునే హక్కు ఎరుకల పిల్లలకుంది.